సువార్త నంబరు

జొన్నపిండిలో రెండు చేతులూ ఉన్నప్పుడే ఫోన్ మోగాలని ఎవరో రాసిపెట్టినట్టుంది. సువార్త మోచేత్తో నొక్కి వింటే నాగపూర్‌లో ప్లాటు, కాకపోతే బీమా, అదీ కాకపోతే అడగని లోను. మరాఠీలో వద్దని చెప్పి మళ్లీ పిండి కలుపుకోవాలి. ఊర్జానగర్ క్వార్టర్‌లో పదకొండేళ్లుగా ఆమెకిదొక పని, పనని ఎవరూ అనుకోని పని.

ఆ నంబరును ఊరందరికీ పంచిపెట్టింది భర్త డానియల్. పవర్ స్టేషన్‌లో ఉద్యోగం. బట్టల దుకాణంలో అడిగినా, ఏ యాప్ అడిగినా గడగడా ఆమె నంబరే అప్పజెప్తాడు. "నాది డ్యూటీ నంబర్. నీది ఖాళీగనే ఉంటది గద" అంటాడు, ఎంతో న్యాయం మాట్లాడుతున్నట్టు. మూడేళ్ల కింద ఆమె నీళ్లోసుకున్నప్పుడు పిల్లల సామాన్ల యాప్ ఒకదానికీ అదే ఇచ్చాడు. మూడో నెలలో కడుపు పోయింది. యాప్‌కు ఆ సంగతి తెలియదు. "మీ బాబుకు ఆరో నెల వచ్చింది" అంటూ, డైపర్లూ గిలక్కాయలూ చూపిస్తూ, ఏడాదిన్నర మెసేజ్‌లు పంపింది. డానియల్ ఫోన్‌కు ఒక్కటీ రాలేదు. చూసిందీ, ఏడ్చిందీ, తుడిపేసిందీ ఆమె ఒక్కతే.

పోయిన వారం బాబుపేట్ బడి నుంచి పెద్ద టీచరు ప్రభావతి ఫోన్ చేసింది. అక్కడ కుట్టు నేర్పే ఉద్యోగానికి సువార్త దరఖాస్తు పెట్టి రెండు నెలలు. ఆవిడ నమస్తే అనేలోపే సువార్త ఇదీ లోను ఫోనే అనుకుని "నాకు లోన్ వద్దు, మళ్ల చెయ్యకుండ్రి" అని కట్ చేసి, నంబరు బ్లాక్ చేసేసింది. ఆదివారం చర్చిలో, ఆ బడిలోనే పనిచేసే వనిత ఆ ఫోన్ పెద్ద టీచరుదని చెప్పింది. తెల్లారి పరుగున వెళ్తే ప్రభావతి కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది.

"నాకు సుత రోజుకు పది వస్తయమ్మా. ఒకటో తారీఖు నుంచి రా."

తిరిగొస్తూ ఆటోలో సువార్త ఆపుకోలేక నవ్వుకుంది. కొద్దిలో ఉద్యోగం పోయేదే.

శనివారం బడికి కట్టుకోవడానికి రెండు చీరలు తీసుకుంది. కౌంటర్‌లో అమ్మాయి మరాఠీలో నంబరు అడిగింది. పక్కనున్న డానియల్ "తొమ్మిది, ఎనిమిది..." అని మొదలుపెట్టాడు.

"జర ఆగుండ్రి" అని, సువార్త ఆ అమ్మాయి వైపు తిరిగి మరాఠీలోనే అడిగింది. నంబరు లేకపోతే బిల్లు కాదా?

"అవుతుంది తాయీ. ఇష్టముంటేనే ఇవ్వండి."

ఇంత చిన్న ప్రశ్న ఇన్నేళ్లూ తనకెందుకు తోచలేదో సువార్తకే అర్థం కాలేదు. హాయిగా అనిపించింది.

"పాయింట్లు పోతయి" అన్నాడు డానియల్.

"పోనీయుండ్రి."

"మరి నీ నంబర్ ఎందుకున్నట్టు?"

చీరల సంచి ఆయన చేతికిస్తూ సువార్త అంది, "నాతోని పనున్నోళ్ల కోసం."