పగులు నడిచిన దారి

వానాకాలం వస్తే ఇందుమతి ఇంట్లో అద్దం బీరువా తలుపు బిగుసుకునేది. తణుకు నుంచి లారీలో వచ్చిన టేకు బీరువా అది. మచ్చ బొల్లారంలో కురిసే కాస్త వానకి కూడా గోదావరి వానకి ఉబ్బినట్టే ఉబ్బేది. పొద్దున్నే చీర తీసుకోవడం, భుజం ఆనించి తలుపు నెట్టడం, చివర్లో అరచేత్తో టప్‌మని ఒక్కటి చరచడం, తాళం తిప్పి చెవుల గుత్తి బొడ్లో దోపుకోవడం, ఇవన్నీ ఇందుమతి చేస్తున్నానని తెలియకుండానే చేసేది. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగేవి. చక్రపాణి వేణ్ణీళ్ళ కోసం కేకేసేవాడు. ఆరేళ్ళ హర్షిత ఒక కాలికి సాక్సు తొడుక్కుని రెండోది వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగేది. రైల్వే గేటు అవతలి బస్తీ నుంచి దుర్గాబాయి వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, చీపురు అందుకునేది.

ఇందుమతి భయస్తురాలు. గ్యాసు బండ మార్చాలంటే భయం. పక్క ఖాళీ ప్లాట్లో గడ్డి కదిలితే పామేమోనని భయం. వేళ కాని వేళ ఫోను మోగితే ఊళ్ళో ఎవరికో ఏదో అయిందని భయం. బహదూర్‌పల్లిలో కొత్తగా పెట్టిన స్కూలు వాళ్ళు లెక్కలు చెప్పడానికి రమ్మని కబురు పెడితే, బస్సు మారాలి, పిల్ల ఒంటరిగా ఇంటికొస్తుంది, తాళం ఎవరికివ్వాలి అని ఆలోచించి, ఆలోచించి, వెళ్ళలేదు. మేడ్చల్ దారిలో మందుల ఫ్యాక్టరీలో ఎకౌంట్లు చూసే చక్రపాణి, నీ ఇష్టం అన్నాడు. అలా అనడం అతనికి సులువు.

ఆ రోజు దుర్గాబాయి పడగ్గది ఊడ్చి వెళ్ళాక, ఇందుమతి బొట్టు పెట్టుకుందామని బీరువా ముందు నిలబడింది. అద్దంలో ఆమె ముఖం రెండు ముక్కలుగా ఉంది. పై మూల నుంచి కింది దాకా వెంట్రుకంత సన్నగా పగులు.

"దుర్గాబాయీ."

దుర్గాబాయి తడి చేతులతో వచ్చి చూసింది. "అయ్యో, గిదెట్లయిందమ్మా?"

"నన్నడుగుతావేంటి? గదిలో ఉన్నది నువ్వు."

"ఊడ్సిన, పోయిన. ఇయ్యాల అద్దం ముట్టనే ముట్టలే."

"మరెవరు ముట్టారు? గాలా?"

"గాలో ధూళో, నాకేమెరుక?"

గడ్డం మీద సబ్బు నురగతోనే చక్రపాణి వచ్చాడు. అద్దం చూశాడు, దుర్గాబాయిని చూశాడు, తీర్పు చెప్పేశాడు. "ఈ నెల జీతం ఆగుతుంది. అద్దం మార్పించాక చూద్దాం. ఒప్పుకుంటే సగమే పట్టుకుంటాం."

"చెయ్యంది ఎట్ల ఒప్పుకుంట సారూ? సగం తప్పు జేసిన్నా ఏంది?"

ఇందుమతి పుట్టింటా అత్తింటా ఏదైనా పోయినా పగిలినా పనిమనిషి చేత ఒట్టు వేయించేవారు. వాళ్ళమ్మ వేయించేది, అత్తగారూ వేయించేది. నోటికి అలవాటైన మాట కనక ఆమెకీ వచ్చేసింది. "అయితే నీ బిడ్డ మీద ఒట్టెయ్యి."

దుర్గాబాయికి పిల్లలు లేరన్న సంగతి అనేశాక గుర్తొచ్చింది.

దుర్గాబాయి చెయ్యి కొంగుకి తుడుచుకుని, గుమ్మంలో సాక్సు పట్టుకుని నిలబడ్డ హర్షిత నెత్తి మీద పెట్టింది. "నాకున్న బిడ్డ గీమెనే. నెలల పిల్లప్పటి సంది నూనె రాసి నీళ్ళు పోసిన. గీమె మీద ఒట్టు. అద్దం నేను పలగ్గొట్టలే."

ఇందుమతి పిల్లని లాక్కునేసరికి ఒట్టు పడిపోయింది. దుర్గాబాయి చీపురు గోడకి ఆనించి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అద్దం బాగానే ఉంది. పగులు పక్క గోడ మీద ఉంది.

పక్కింటి జానకిరామయ్య రైల్వేలో రిటైరైన మనిషి. పేపరు కోసం వచ్చి, కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. "నడక మొదలెట్టిందన్నమాట. సున్నం కొట్టించకండి, దండగ. పగులు దాన్ని చేసినవాళ్ళని వెతుక్కుంటూ పోతుంది. మా చిన్నప్పుడు ఊరగాయ జాడీ పగులు ఇలాగే నడిచి మా అన్నయ్య ముందుపంట్లో ఆగింది. పెళ్ళిచూపుల్లో కూడా నోరు విప్పలేదు వాడు."

"ఇంకేం," అన్నాడు చక్రపాణి. "గేటు దాటి బస్తీకి పోతుంది. జీతం ఎందుకు ఆపానో అప్పుడు అందరికీ తెలుస్తుంది."

ఇందుమతి కూడా హమ్మయ్య అనుకుంది. పోపు వేస్తుండగా ఒట్టు గుర్తొచ్చింది. ఆవాలు మాడిపోయాయి.

పగులు దుర్గాబాయి దగ్గరికి పోతే దుర్గాబాయి అబద్ధం ఆడినట్టు. అబద్ధపు ఒట్టు ఎవరి నెత్తి మీద వేశారో వాళ్ళకి తగులుతుంది. అంటే హర్షితకి. ఇందుమతికి ఆ మాట మొగుడితో చెప్పడానికి కూడా నోరు రాలేదు. చెబితే జరుగుతుందేమోనని భయం. నిన్నటిదాకా దుర్గాబాయే పగలగొట్టిందని నిరూపిస్తే చాలనుకున్న మనిషి, ఇప్పుడు దుర్గాబాయి నిజం చెప్పి ఉండాలని దేవుడి గూట్లో దీపం పెట్టింది. దీపం పెడుతూ చూస్తే గూటి వెనక గోడ మీద పగులు ఉంది.

అది ఇంట్లో అలా తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం పొయ్యి పక్కన బండ మీద. సాయంత్రం పెరట్లో బట్టలుతికే రాయి మీద. ఎక్కడా చప్పుడు ఉండదు. తల తిప్పి చూసేసరికి దగ్గరకొచ్చి ఉంటుంది. ఒకనాడు ఇందుమతి మొగుడి కోసం గేటు దగ్గర నిలబడితే, వెనక గడప దాకా వచ్చింది. స్కూటర్ దిగిన చక్రపాణి చూసి, "పోతోంది, పోతోంది, పోనీ," అని గేటు బార్లా తెరిచాడు. ఇందుమతి లోపలికి పరుగెత్తింది. పగులు కూడా గడప దగ్గర ఆగి, మళ్ళీ లోపలికి తిరిగింది. అప్పుడామెకి ఇంకో భయం పట్టుకుంది. బయటికి పోలేదంటే, చేసింది ఇంట్లోవాళ్ళే. ఇంట్లో ఉన్నది ముగ్గురు.

"నిజం చెప్పు తల్లీ, బీరువా దగ్గర ఆడావా? కొట్టనులే," అంది పిల్లతో.

"నేనాడలేదు."

"బొమ్మ విసిరావా?"

"లేదమ్మా." పలక మీద గుణింతం దిద్దుతున్న హర్షిత బలపం ఆపి, "అమ్మా, నా పలక పగిలింది," అంది. పలక పగల్లేదు. పగులు వచ్చి కూర్చుంది. ఆ రాత్రికి పిల్లకి ఒళ్ళు కాలిపోయింది.

అల్వాల్ డాక్టరు వాన నీళ్ళలో ఆడిన జ్వరమని మందు రాశాడు. ఇందుమతి వినలేదు. మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తూ మంచం కోళ్ళనే చూస్తూ ఉంది. తెల్లారేసరికి పగులు తలవైపు పట్టీ మీద, పిల్ల జుట్టుకి బెత్తెడు దూరంలో ఉంది.

ఆదివారం కనక చక్రపాణి ఇంట్లో ఉన్నాడు. పిల్లని అతనికి అప్పజెప్పి, ఆపిన జీతం కొంగున ముడేసుకుని, ఇందుమతి రైల్వే గేటు దాటింది. మేడ్చల్ లోకల్ రైలు వెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడ్డ కాసేపట్లోనే, పిల్లకి ఏమై ఉంటుందో అన్ని రకాలుగానూ ఊహించేసింది.

దుర్గాబాయి ఇంటి ముందు కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. మొగుడు ఇస్తారి శామీర్‌పేట కంకర మిల్లులో పనికి పోయాడు. కాలనీలో మిగతా ఇళ్ళవాళ్ళు కూడా ఆమెను మానిపించేశారు. ఆ సంగతి ఇందుమతికి తెలుసు. జానకిరామయ్య కోడలు తనని అడిగే మానిపించింది.

"దుర్గాబాయీ, ఆ ఒట్టు తీసెయ్యి. పిల్లకి జ్వరం. ఇదిగో నీ జీతం."

దుర్గాబాయి చేట కింద పెట్టింది. "జరమా? ఎప్పటి సంది? ఏమన్న తింటాందా?"

"ఏమీ తినట్లేదు. ముందు ఒట్టు తియ్యి."

"ఒట్టు ఏమన్న బట్టనా అమ్మా, దండెం మీదికెళ్ళి తీసెతందుకు? అబద్ధమైతె గద తాకేది. నేను నిజం జెప్పిన. పిల్లకేం గాదు."

"నిజంగా నిజమేనా?"

"గదే నీ బీమారి. నన్ను నమ్మితె నీకు నిద్ర పడుతుండె. నమ్మవు. అందుకే పరేషాన్ అయితున్నవ్." దుర్గాబాయి కొంగు దులుపుకుని లేచింది. "ఇగ ఇను. నిరుడు నీ పూల పింగాణి గిన్నె పలగ్గొట్టింది నేనే. పక్క ప్లాట్ల బొంద దీసి పూడ్సిన. ముక్కలు ముక్కలైంది గన్క నడవలే గని, లేకుంటె నా కాళ్ళకే సుట్టుకుంటుండె. గది నేనే. గిది నేను గాదు."

ఆ గిన్నె అత్తగారు పగలగొట్టి దాచేసిందనుకుని ఇందుమతి ఏడాదిగా ఆవిడకి ఉత్తరం రాయలేదు. అడగకుండానే ఒక తప్పు ఒప్పుకున్న మనిషి రెండోది దాచుకోదు కదా అని మొదటిసారి తోచింది. తోచిన మరుక్షణం, అయితే ఇంట్లో ఎవరు అని మళ్ళీ భయం మొదలైంది.

"పిల్లను సూస్త, పా," అని దుర్గాబాయి ముందు నడిచింది.

కాలనీకి కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు. మలుపు తిరగగానే ఎదురుగా జనం. ముందు పగులు వస్తోంది, దాని వెనక మేకని తోలుకొస్తున్నట్టు చక్రపాణి, అతని భుజాన దుప్పట్లో చుట్టిన హర్షిత, వెనక జానకిరామయ్య, ఆయన వెనక ఇళ్ళలోంచి వచ్చిన ఆడవాళ్ళు. పట్టపగలు, ఎండలో, పగులు కదలడం ఇందుమతి మొదటిసారి చూసింది. నీళ్ళు పారినట్టు వస్తోంది.

"చూశావా?" అన్నాడు చక్రపాణి దూరం నుంచే. "నువ్వు వెళ్ళగానే మన గేటు దాటింది. దుర్గాబాయి కోసమే వస్తోంది."

ఇందుమతికి పిల్ల తల తప్ప ఏమీ కనిపించలేదు. మొగుడి భుజం మీద అది ఇటూ అటూ వాలుతోంది. పగులు దుర్గాబాయి కాలిని తాకితే ఆ తల ఏమవుతుందో. ఆలోచించి చేసింది కాదు, భయంతో చేసింది. దుర్గాబాయి వెనక్కి చేరి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

దుర్గాబాయి కదల్లేదు. ఆమెకీ భయంగానే ఉన్నట్టుంది, పళ్ళు బిగబట్టుకుంది. "రానీ," అంది.

పగులు వచ్చింది. దుర్గాబాయి బొటనవేలి ముందు దాకా వచ్చింది. రాయి అడ్డొస్తే నీళ్ళు పక్కకి తిరిగినట్టు తిరిగి, ఆమె పాదాన్ని చుట్టి వెనక్కి వచ్చింది.

ఇందుమతి ఎడమకి జరిగింది. పగులు ఎడమకి తిరిగింది. కుడికి జరిగింది. అదీ కుడికే వచ్చింది. దేవుడి గూడు, పొయ్యి బండ, ఉతికే రాయి, గడప, పలక, మంచం పట్టీ. ఆ చోట్లన్నిట్లోనూ ఉన్నది పిల్ల కాదు, తను. వెనక్కి అడుగేయబోయి తూలి కూలబడింది. పడుతూ పడుతూ కుడి అరచెయ్యి రోడ్డు మీద ఆనించింది.

టప్‌మంది.

ఆ చప్పుడు ఆమెకి తెలుసు. రోజూ పొద్దున బీరువా తలుపు మీద వినే చప్పుడే. ఏ రోజూ విన్నట్టు గుర్తు లేదు.

పగులు చల్లగా ఆమె అరచేతిలోకి ఎక్కింది. బొటనవేలి కింది కండ మీదుగా, ఆయుష్షు రేఖని దాటి, చిటికెన వేలి దాకా పోయి ఆగింది. రోడ్డు మీద ఏమీ లేదు.

ఇందుమతి చెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత చక్రపాణి వైపు ఆ చెయ్యి ఎత్తి చూపించింది. "నేనేనండీ. నేనే," అంది. చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. రోడ్డు మీద అంతమంది ముందు తప్పు బయటపడ్డందుకు అంత సంతోషించిన మనిషిని ఆ కాలనీ మళ్ళీ చూడలేదు. తప్పు తనదైతే ఒట్టు నిజమైనట్టు, పిల్లకి ఏమీ కానట్టు.

చక్రపాణి నేల చూశాడు. జానకిరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పంట్లో కంటే చేతిలో నయం," అన్నాడు. దుర్గాబాయి వాళ్ళిద్దరినీ పట్టించుకోకుండా పిల్ల నుదురు తాకి, "సెమట పోస్తాంది, జరం దిగుతది," అని, పిల్లని తన భుజం మీదికి మార్చుకుంది.

జీతం ఆ రోజే ముట్టింది. క్షమించమని ఇందుమతి అడగాలనుకుని అడగలేకపోయింది, దుర్గాబాయి ఎదురుచూడనూ లేదు. మానిపించిన ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కళ్ళే కబురు పెట్టారు. రెండిళ్ళకి పోయింది, మిగతావాళ్ళని తిప్పించుకుంది.

ఇందుమతి చేతిలో ఆ గీత మానలేదు. నొప్పి లేదు. అయితే పగిలిన కుండలో నీళ్ళు నిలవనట్టు ఆ చేతిలో భయం నిలవడం మానేసింది. పట్టుకుందామన్నా కాసేపట్లో కారిపోయేది. గ్యాసు బండ తనే మార్చింది. ఫోను మోగితే ఎవరో అనుకుని ఎత్తింది. అత్తగారికి ఉత్తరం రాసింది. జూన్‌లో స్కూళ్ళు తెరిచేనాటికి బహదూర్‌పల్లి బస్సు ఎక్కడ మారాలో కనుక్కుంది.

"పిల్లని సాయంత్రం నువ్వే చూడాలి," అంది దుర్గాబాయితో. "తాళం నీ దగ్గరుంటుంది."

"పిల్లను సూసుకునుడు వేరే పనమ్మా. గిన్నెలు తోముడు వేరే. దేనికది ముందే మాట్లాడాలె."

"మాట్లాడదాం."

స్కూలుకి వెళ్ళే మొదటి రోజు వాన పడింది. బీరువా తలుపు మళ్ళీ బిగుసుకుంది. ఇందుమతి చరచబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు సగం తెరిచే వదిలేసింది. గొడుగు వెతుక్కుంటుంటే వంటింట్లో ఏదో భళ్ళున పగిలింది.

"నేనే," అని లోపల్నుంచి కేకేసింది దుర్గాబాయి.

"ముక్కలు జాగ్రత్త. కాల్లో గుచ్చుకుంటాయి," అని ఇందుమతి గొడుగు విప్పి, గేటు తీసుకుని బస్సు కోసం నడిచింది.