చిల్లు పడ్డ సాల్సా డబ్బా

ఆ ఇంట్లో ప్లాస్టిక్ డబ్బా ఖాళీ అయితే చాలు, దాని అడుగున చిల్లులు పడాల్సిందే. పెరుగుదైనా, ఐస్‌క్రీముదైనా సరే, నాన్న కంట పడిందంటే అది నారు డబ్బా అయిపోయేది. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషికి ఇప్పుడు లోకమంతా పెరడే. చలి కాస్త తగ్గిందా, ఇక ఆయన్ని పట్టుకోలేం! మళ్ళు తవ్వడం, ఎరువు కలపడం, గుప్పెడు మన్ను పిసికి చూసి "ఇంకా ఆరలేదా నువ్వు" అని దాన్నే కోప్పడటం.

పెరడు సంగతి బాగానే ఉంది గానీ, పెద్దమ్మాయి విషయంలోనే ఆయనకి నామోషీ. ఆఫీసులో కుర్చీ ఉద్యోగం వదిలేసి, పెద్ద సూపర్‌మార్కెట్ వంటగదిలో చేరింది. అక్కడ తన పని సాల్సా చెయ్యడం. ఎర్రటి టమాటాలు, ఉల్లిపాయలు, మిరపకాయలు, కొత్తిమీర సన్నగా తరిగి, నిమ్మరసం పిండి, డబ్బాల్లో పెట్టి అమ్ముతారు.

"నాలుగు టమాటాలు తరుక్కోవడానికి ఒళ్ళొంగని వాళ్ళకి నువ్వు ముక్కలు కోసి పెడతావన్నమాట!" అన్నాడు చేరిన రోజే. కొన్న సాల్సా తన నోట్లోకి రాదని కూడా చెప్పేశాడు. పక్కింటి టైలరు గోడ మీంచి "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అంటే, "ఏదో చేస్తోందిలే" అని పార పట్టుకుని అటు తిరిగిపోయేవాడు. ఆ 'ఏదో' విన్నప్పుడల్లా పెద్దమ్మాయికి ఒళ్ళు మండిపోయేది. తన పనికి ఒక పేరుంది కదా, ఆయన నోటితో ఒక్కసారి ఆ పేరు చెబితే ఏం పోయింది?

ఆ వారం కొట్టువాళ్ళు మొదటిసారి పెద్దమ్మాయి సొంత పద్ధతిలో చేసిన సాల్సా అమ్మకానికి పెట్టారు. పెట్టింది పెట్టినట్టే అయిపోయింది. మిగిలిన ఒక్క డబ్బా తనే కొనుక్కుని, ఇవాళ నాన్నతో తినిపించి తీరాలని పంతం పట్టి ఇంటికొచ్చింది. డబ్బాని వెనక అరుగు మీద పెట్టి, చెంచా కోసం లోపలికెళ్ళింది.

వెళ్ళింది గానీ, అరుగు మీద ఏముందో చూసుకోవద్దూ! అమ్మ పొద్దున్నే హుషారుగా నారు డబ్బాలన్నిటికీ మన్ను నింపేసి, తడి ఆరకుండా మూతలు బిగించింది, చిల్లుల మాటే మర్చిపోయి. నాన్న సణుక్కుంటూ కూర్చుని, ఒక్కొక్క డబ్బానీ తలకిందులు చేసి, కాల్చిన మేకుతో పొడుస్తున్నాడు. కళ్ళజోడు లేదు. డబ్బాలన్నీ తెల్లవే, అన్నీ బరువుగానే ఉన్నాయి.

"ఓసి నీ... ఇదేం మన్నే, ఎర్రగా చిమ్ముతోంది!"

పెద్దమ్మాయి పరుగున వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఉలిక్కిపడటంలో మేకు నాన్న వేలికి తగిలి చురుక్కుమంది. కాలిన వేలు ఎవరికైనా ఎక్కడికి పోతుంది? తిన్నగా నోట్లోకే పోయింది, దానికంటిన రసంతో సహా.

వేలు బయటికి తీసి చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. డబ్బా ఇటు తిప్పి మూత ఊడదీసి, "చెంచా ఇలా తే," అన్నాడు. అరుగు మీద రసం కారిపోతున్నా పట్టించుకోకుండా ఒక చెంచా తిన్నాడు, ఇంకొకటి తిన్నాడు.

"ఇది ముందు ఉప్పు చల్లి, నీరు దిగనిచ్చి చేసింది," అన్నాడు.

పెరట్లో తొలి టమాటా కోస్తే ఆయన చేసే పని అదే. ముక్కలకి ఉప్పు చల్లి, పళ్ళెం వాలుగా పెట్టి, నీరు దిగేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

"అవును నాన్నా. నీ దగ్గర చూసిందే. ఆలస్యమవుతోందని మేనేజరు కసిరాడు. నేను వినలేదు."

"ఎందుకు వింటావ్? నా కూతురివి!"

అంటూనే ఆయన కారం ఎక్కువైందని దగ్గాడు గానీ, అందులో అంత కారం లేదు. డబ్బా కింద పళ్ళెం పెట్టుకుని గోడ దగ్గరికి నడిచాడు.

"ఏమయ్యా టైలరూ! ఒకసారి ఇలా రా! మా పెద్దమ్మాయి సాల్సా చేస్తుంది. తిని చూడు!"

పెద్దమ్మాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేకు వెతుకుతున్నట్టు కిందికి వంగింది.

టైలరు తిని కళ్ళు పెద్దవి చేశాడు. "కొన్నదాండీ?"

"కొన్నదే! మరి? మా అమ్మాయి చేసింది ఊరికే వస్తుందా?"

టైలరు మళ్ళీ చెంచా ముంచబోతే, డబ్బా చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఇక చాల్లే, నువ్వూ కొట్టుకెళ్ళి కొనుక్కో. వంటగది వెనకాల ఉంటుంది. నా పేరు చెబితే..." అని ఆగాడు. "నా పేరు అక్కడెవరికి తెలుసులే. అమ్మాయి పేరు చెప్పు. నేను వాళ్ళ నాన్ననని చెప్పు."