బరువు మరిగిన గాలి

దాలమ్మ కళ్లంలో చేట ఎత్తి ధాన్యం పోస్తోంది. గాలి గింజల్ని పట్టుకుపోతోంది. పొట్టు ఆమె కాళ్ల దగ్గర కుప్పగా పడుతోంది.

మూడు వారాలుగా ఇదే వరస. గాలికిప్పుడు తేలికైనవి అక్కర్లేదు. కొబ్బరిచెట్లను వేళ్లతో సహా లాక్కుపోయింది, వాటి మధ్య తిరిగే సీతాకోకచిలుకల్ని ఎక్కడివక్కడే వదిలేసింది.

తుఫానంటే ఇంటికప్పు మీద పాత వల పరిచి, అంచులకు రాళ్లు కట్టడం ఊరి అలవాటు. అందరూ అలాగే కట్టారు. గాలి రాళ్లనూ వలనూ తీసుకుని, గడ్డిని ముట్టుకోలేదు. పక్కింటి కామమ్మ భయంకొద్దీ మేకకు కూడా రాయి కట్టింది. ముందు మేకే పోయింది.

దాలమ్మ కూతురు నీలుకి అయిదేళ్లు. అంగన్‌వాడీ త్రాసులో పద్నాలుగున్నర కిలోలు.

పంచాయతీ ఆఫీసు కిటికీ వెనక నుంచి సెక్రటరీ మైకులో చెబుతున్నాడు. "ఈ వారం పదిహేను నుంచి ఇరవై కిలోల వరకు బరువున్నవి పోతాయి. పిల్లలకు తిండి తగ్గించండి."

"ఆకలికి సచ్చిపోరా బాబూ?" అంటుంది దాలమ్మ.

"అది వేరే శాఖమ్మా. మాది గాలి వరకే."

"ముందుగాల సెప్పొద్దేటి?"

"చెప్పాంగా. వచ్చే ఏడాది వైశాఖంలోనే చెప్పాం."

"మరి నీ పిల్లలకేటెడతన్నావు?"

కిటికీ మూసుకుంటుంది. లోపలి నుంచి పోపు వాసన వస్తుంది.

ఇంట్లో నీలు ఖాళీ గిన్నె అడుగు నాకుతోంది. పెడితే గాలి, పెట్టకపోతే ఆకలి. రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నవాడి పళ్లు రాలగొట్టాలి. దాలమ్మ దాచిన బియ్యమంతా పొయ్యి మీద పెడుతుంది.

"అమ్మా, నాను బరువైపోతానేమో."

"నోర్మూసుకుని తిను."

"నోరు మూసుకుంటే ఎలా తింటాను?"

పదో ముద్దకు నీలు పీట మీంచి పైకి లేస్తుంది. దాలమ్మ ఎడమచేత్తో పిల్ల కాలు దొరకబుచ్చుకుంటుంది.

"ఒగ్గీకమ్మా, గట్టిగా పట్టుకో!"

"ఒగ్గీసేదాన్నైతే కంటానేటే? కడుపు నిండిందా?"

"ఇంకో ముద్ద."

చెయ్యి పైకెత్తి పెడుతుంది. గాలి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడి పిల్లను లాగుతోంది. దాలమ్మ ఎంగిలిచేతిని ఆ నోట్లోకి మోచేతి దాకా దూరుస్తుంది. లోపల వెచ్చగా ఉంది. వరివెన్నులు తగులుతాయి, ఇంకా నాటని చేలవి.

"దొంగముండా! రేపటి కూడు కూడా మింగీసినావా!"

భుజం దాకా దూరుస్తుంది. వెన్నుల వెనక చిన్న చిన్న వేళ్లు, వందల కొద్దీ. ఇంకా పుట్టని పిల్లలవి. అవి ఆమె అరచేతిలో అంటిన మెతుకుల్ని తడిమి తడిమి ఏరుకుంటున్నాయి. మెతుకులు అయిపోయాక, మణికట్టు పట్టుకుంటాయి.

దాలమ్మ నీలుని వదలకుండానే గడపకు కాలు తన్నిపెట్టి లాగుతుంది. మొదటి తల బయటికి వస్తుంది. దానికప్పుడే నోటినిండా పళ్లున్నాయి. అది గాలిని నములుతోంది.