బర్నబాస్ నడుము, పిలాతు తీర్పు

"వాడేడే కాంతం?" అని సుబ్బాయమ్మ బాపట్ల నుంచి ఫోన్లో అడిగినప్పుడు, రేపల్లెలో కాంతమ్మ మిక్సీలో కొబ్బరి పచ్చడి తిప్పుతోంది. ఒక చెవిలో అత్తయ్య, రెండో చెవిలో పచ్చడి.

"తెనాలి వెళ్లారత్తయ్యా, పిలాటీసుకి!" అని అరిచింది.

"ఎవరి దగ్గరికే?"

"పిలాటీసండి! ఈస్టర్ దాకా తప్పదంట. ఆ తర్వాత గుంటూరులో..." గుర్ర్‌మంది మిక్సీ. "...సంగతి తేలుస్తారు. ఆయనకి ఒకటే భయం. మీరు కాస్త ప్రార్థన చెయ్యండి."

మిక్సీ మింగేసిన మాట 'ఆపరేషన్'. సుబ్బాయమ్మ చెవిన పడ్డ మాట 'పిలాతు'. ఆమె తప్పేమీ లేదు. అవి ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాలు. బాపట్ల స్త్రీల సమాజానికి పెద్దగా ఆమె రోజూ పొద్దున్నే బైబిలు తెరుస్తోంది, తెరిచిన చోటల్లా యేసును శిలువకి అప్పగించిన ఆ పిలాతే కనిపిస్తున్నాడు. పిలాతంటే న్యాయాధిపతి. తన చెల్లెలి కొడుకు బర్నబాసేమో సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఇంకేముంది? ఎవరో పట్టిచ్చారు, కేసయింది, గుంటూరులో తీర్పు. పాపం, పరువు పోతుందని కాంతం పిలాతు పేరు అడ్డం పెట్టి చెబుతోంది అనుకుంది.

అసలు సంగతికి ఆఫీసుతో సంబంధం లేదు, అంతా నడుముతోనే. సంక్రాంతి వెళ్లాక బర్నబాస్ చెరుకుపల్లిలో బియ్యం బస్తాను ఆటోలోకి ఎత్తబోయాడు. బస్తా లేవలేదు. తర్వాత బర్నబాసూ లేవలేదు. డిస్కు జారి ఎడమ కాల్లోకి కరెంటు కొట్టడం మొదలుపెట్టింది. గుంటూరు డాక్టరు ఆపరేషన్ అన్నాడు.

"ఆయనకిది డిస్కు, నాకు రిస్కు" అని బర్నబాస్ ఒప్పుకోలేదు. కాంతమ్మ అన్నగారు అలాంటి ఆపరేషనే చేయించుకుని ఇప్పటికీ చేతికర్రతో నడుస్తున్నాడు. ఆ కర్ర చప్పుడు వింటే చాలు, మొగుడూ పెళ్లాలిద్దరి గుండెలూ టకటకలాడతాయి. అందుకని రేపు, రేపు అంటూ రేపల్లెలో రోజులు నెట్టుకొస్తున్నాడు.

డాక్టరు విసిగిపోయి ఒక షరతు పెట్టాడు. "ఈస్టర్ దాకా కసరత్తు చెయ్యండి. ఏదీ పట్టుకోకుండా మోకాళ్ల మీదికి దిగి, కాల్లో కరెంటు కొట్టకుండా లేస్తే నేను ఆపరేషన్ మాట ఎత్తను. లేదంటే కత్తి ఎత్తుతాను."

కాంతమ్మ అక్క కూతురు కరుణశ్రీ హైదరాబాదులో పిలాటీస్ అనే కసరత్తు నేర్చుకొచ్చి, తెనాలిలో ఒక మేడమీది గదిలో నేర్పుతోంది. నడుము పోయినవాళ్లను ముందుగా మెట్లెక్కించే వైద్యం అది. బర్నబాస్ రేపల్లె ప్యాసింజర్లో కూర్చోలేక, నిలబడే తెనాలి వెళ్లేవాడు.

"బాబాయ్, బొడ్డుని వెన్ను వైపు లాగు. ఊపిరి వదులుతూ నడుముని పూసపూసగా ఎత్తు."

"పూసపూసగా ఏంటమ్మా, నాదేమన్నా నల్లపూసల గొలుసా?"

"మాట్లాడకు. నీ వెన్నుపూస వెన్నపూస కావాలి."

"నీకు కరుణ అని పేరెవరు పెట్టారే?"

"నువ్వే పెట్టావంట బాబాయ్. అనుభవించు."

అనుభవించాడు. రానురాను రైల్లో కూర్చోగలిగాడు. చెప్పులు తనే తొడుక్కున్నాడు. కానీ మోకాళ్ల మీదికి మాత్రం దిగి చూడలేదు. గుళ్లో అందరూ మోకరిస్తుంటే తను కుర్చీలోనే ఉండిపోయేవాడు. ఒకసారి దిగాక ఆ కరెంటు కొడితే? ఇంక సాకు కూడా మిగలదు. చూడకపోతే కనీసం ఆశన్నా ఉంటుంది.

ఈస్టర్ ఇంకో వారం ఉందనగా, మట్టలాదివారానికి ముందు శనివారం సాయంత్రం సుబ్బాయమ్మ రేపల్లెలో వ్యాను దిగింది. వెంట సమాజం ఆడవాళ్లు కొందరు, సంఘపెద్ద మోషే గారు. మిగిలినవాళ్లు బాపట్లలో బర్నబాస్ కోసం ఉపవాసం కూర్చున్నారు. వందనాలయ్యాయి. అసలు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. కేసుల్లో ఉన్నవాడి ముందు కేసు మాట ఎత్తకపోవడం మర్యాద కదా.

"ఏరా బర్నబా" అంది సుబ్బాయమ్మ మెల్లిగా, "పిలాతు నిన్ను బాగా నిలబెడుతున్నాడా?"

పెద్దావిడ నోరు తిరగలేదనుకున్నాడు బర్నబాస్. "నిలబెట్టడం కాదు పెద్దమ్మా, పడుకోబెడుతుంది."

"పెడుతుందా? ఆడమనిషా?"

"ఈమధ్య లేడీ జడ్జీలు ఎక్కువయ్యారమ్మా" అని మోషే గారు చెవిలో ఊదారు.

"పడుకోబెట్టి?"

"కాళ్లు పైకెత్తిస్తుంది. అటూ ఇటూ మెలితిప్పిస్తుంది. అయ్యో అన్నా వదలదు."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మోషే గారు కళ్లు మూసుకున్నారు.

"ఇంక మాటలొద్దు. చాపలెయ్యవే కాంతం" అంది సుబ్బాయమ్మ. "అందరూ మోకాళ్లూనండి. నువ్వూ రారా."

"ఆయన కుర్చీలోనే అత్తయ్యా..." అని కాంతమ్మ అడ్డం వచ్చింది.

"తీర్పు ముంచుకొస్తుంటే కుర్చీ ఏంటే?"

ఆ మాటకి భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజమే, డాక్టరు తీర్పు ముంచుకొచ్చింది. బర్నబాస్ చాప వైపు చూశాడు. వీపు నిటారుగా పెట్టి ఒక మోకాలు దించాడు. రెండోదీ దించాడు. దిగడమైతే దిగాడు. ఇంక లేవడమే ఉంది.

సుబ్బాయమ్మ ప్రార్థన సృష్టితో మొదలైంది. ఓడ ఎక్కింది, ఎర్రసముద్రం దాటింది, అరణ్యంలో చాలాసేపు తిరిగింది. అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి, కాంతమ్మవి తప్ప. ఆమె చూపంతా మొగుడి ఎడమ కాలి మీదే ఉంది.

"ఆమెన్."

బర్నబాస్ బొడ్డు లోపలికి లాగాడు. ఊపిరి బయటికి వదిలాడు. ఒక పాదం ముందుకు వేశాడు. చేతులు గాల్లోనే ఉంచి లేచాడు. కరెంటు కోసం ఎదురుచూశాడు. రాలేదు. ఇంకాస్త ఆగాడు. అయినా రాలేదు. రేపల్లెలో కరెంటు రాలేదని ఒక మనిషి సంతోషించడం చరిత్రలో అదే మొదటిసారి.

"కాంతం" అన్నాడు, "ఏమీ లేదే."

కాంతమ్మ ఆ కుర్చీలోనే కూలబడి, కొంగు మొహాన కప్పుకుని, ఏడుపో నవ్వో తెలియకుండా ఊగిపోయింది.

ఇంతలో చాప మీది నుంచి మూలుగు వినపడింది. ప్రార్థనలో ఎర్రసముద్రం దాటిన మోషే గారు చాప దాటలేకపోయారు. "బాబూ, కాళ్లు తిమ్మిరెక్కాయి. కాస్త చెయ్యి" అన్నారు.

"వద్దండీ!" అని కాంతమ్మ కేకేసేలోపే బర్నబాస్ మోకాళ్లు వంచి, కరుణశ్రీ నేర్పినట్టే ఆయన్ని లేవదీశాడు.

"దేవుడికి స్తోత్రం! ఇంక ఆపరేషన్ లేదు!" అంది కాంతమ్మ.

"ఆపరేషన్ ఏంటే?" సుబ్బాయమ్మ తెల్లబోయింది. "కేసు సంగతి చెప్పు."

"ఏం కేసత్తయ్యా?"

"పిలాతు దగ్గరికి వెళ్లాడన్నావు కదే!"

ముందుగా పగలబడి నవ్వింది బర్నబాసే, అదీ నడుము పట్టుకోకుండా. మోషే గారి సెల్లు తీసుకుని కరుణశ్రీకి కలిపి స్పీకర్ పెట్టాడు. "అమ్మా, లేచానే! పట్టుకోకుండా లేచా! అది తర్వాత చెబుతాగానీ, ముందు పిలాటీస్ అంటే ఏంటో మా పెద్దమ్మకి చెప్పు. నన్ను కోర్టుబోనులో నిలబెట్టేసింది."

సెల్లులోంచి ముందు ఒక కేరింత, వెనకే మాట వచ్చింది. "కోర్టు కాదు అమ్మమ్మా, కసరత్తు. నడుము బాగవడానికి నేనే చేయిస్తున్నా. కనిపెట్టినాయన పేరు పెట్టారు దానికి. ఆయన జోసెఫ్ పిలాటీస్."

"జోసెఫ్ అంటే యోసేపేగా? యోసేపూ పిలాతూ ఒక్కడేనా?"

"ఈయన వేరే అమ్మమ్మా. జర్మనీ ఆయన."

సుబ్బాయమ్మ మొహం విప్పారింది. "జర్మనీయా? మన సంఘానికి పేరిచ్చిన లూథరు గారి దేశపోడు! ముందే చెప్పొచ్చుగా" అని, బర్నబాస్ వీపు మీద ఒక్కటిచ్చింది. అందరూ అదిరిపడ్డారు. బర్నబాస్ అదరలేదు.

అప్పుడామెకి బాపట్ల గుర్తొచ్చింది. గబగబా ఫోను తిప్పి, వీధి చివరికి వినపడేలా కేకేసింది. "ఏమ్మా, ఉపవాసాలు ఆపి అందరూ అన్నాలు తినండి! వాడి మీద ఏ కేసూ లేదు. పిలాతు కాదంట, పిలాటీసంట, కసరత్తంట. పోయింది పరువు కాదు, నడుము. అదీ తిరిగొచ్చేసింది!"