కేశవుని బావి రెండవ కడవ

వైశాఖమాసపు ప్రచండ మార్తాండ కిరణములచే నాపరాతి మిట్టలు నిప్పుకణికలవలె మెరయుచుండ వచ్చిపోవు రైలుబండ్లు దక్క వేరొక కదలిక నెరుగని చెన్నపాడు స్టేషను తన రేకులకప్పు క్రింద నిట్టూర్చుచున్నట్లుండెను.

ఇనుపబాట పడిన రెండేండ్లకే దాని కిరువైపుల నలువది యిండ్లు మొలచినవి. కాని స్టేషను బావినీటి దోషముచే ఇంజనుల కడుపులలో సున్నపు పెచ్చులు కట్టుచుండుటవలన స్టేషనును ఆరుమైళ్ల యవతలి యూరికి తరలింప పైవారు తలపెట్టిరి. అట్లయినచో ఆ యిండ్ల గతి యేమి? వానిలో నొకటి వితంతువగు కామాక్షమ్మ పూటకూళ్ల యిల్లు. ఆమెకు అదియే బ్రతుకుతెరువు.

నీటిని పరీక్షింప వచ్చిన ఓవర్సీయరు పరశురామ మొదలియారు ఆనాడామె యింట విస్తరిముందు కూర్చుండి పప్పు నమలి నవ్వెను.

"ఏమమ్మా, పప్పు వడ్డించినావా, కంకర వడ్డించినావా? కంకర మా లైనుకు కావలసినంత ఉంది!"

"మీ స్టేషను బావి నీళ్లే నాయనా. తెల్లవారి పొయ్యిమీద పెట్టినా ఉడకలేదు. కేశవస్వామి గుడి బావి నీళ్లయితేనా, నైవేద్యం పప్పు గరిటె తగిలితే వెన్నయిపోతుంది."

మొదలియారు చేయి విస్తరిలోనే నిలిచిపోయెను. పప్పు నుడికింపని నీటికిని ఇంజనును చెరచు నీటికిని గల చుట్టరికము ఆయనకప్పుడు తోచెను. చేయి కడుగుకొని యామెతోగూడ తిన్నగా గుడికి నడచెను.

విషయము విన్నంతనే అర్చకులు శేషాచార్యులు మండిపడిరి.

"స్వామి అభిషేకజలం బొగ్గుమేసే ఇనుప భూతానికా? మతి పోయిందా కామాక్షమ్మా?"

"భూతమే సామీ. దాని వెనక పెట్టెల్లో కూర్చొని వచ్చేవాళ్లు స్వామి బిడ్డలు కారా? మొన్న మీ చెల్లెలు కాన్పుకు వచ్చింది దాంట్లోనే గదా!"

ఆచార్యులవారు బావిలోనికి తొంగిచూచి మెల్లగా ననిరి: "మొదటి కడవ స్వామిది. రెండోది దానిది."

ఆ సాయంకాలమే మొదలియారు కామాక్షమ్మ గిన్నెలో కేశవుని బావినీటిని ఇగురగాచి చూడగా అడుగున తెల్లని మరకయైన లేకుండెను. బావినుండి స్టేషనుకు గొట్టములు వేసిరి. స్టేషను నిలిచెను. అభిషేకపు గంట వినబడిన పిదపనే ఉదయపు బండి నీరు పట్టుకొనుట యాచారమయ్యెను.

కాలక్రమమున ఆవిరియింజనులు పోయి నీరడుగని యింజనులు వచ్చినవి. ఆ నలువది యిండ్లు నేడు నాలుగువేలైనవి. ఈ యూరిని నిలిపినది దైవకృపయో, ఉడకని పప్పో, ఆ రెండును ఒకటియేయో నిర్ణయింప మనకు శక్యమా? ఇప్పటి యర్చకుడు మాత్రము ప్రతిదినము మొదటి కడవ స్వామికర్పించి గంట మ్రోగించి రెండవ కడవ చేది గట్టుపై నుంచుకొని బండికూతకై వేచియుండును. బండి దిగి దప్పిగొని వచ్చువారి దోసిళ్లలో దానిని పోయును.