కుడి దవడ

నేను చొక్కా ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన నా మొహంలోకి చూసి, "ఈమధ్య నీకు బుగ్గలొచ్చాయే" అన్నారు. "ఒళ్ళు చేసింది" అంది అత్తయ్య. పదిహేడేళ్ళ కాపురంలో నా మొహం గురించి ఆయన అన్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. అందుకే సంతోషించాను. బుగ్గ కుడివైపు ఒక్కటే వచ్చిందని నాకు తెలుసు. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, నేను కూడా. ఆ పక్క పన్ను కదులుతుంటే ఈ పక్క నమిలాను. అలా ఎనిమిది నెలలు.

పాప పళ్ళకి క్లిప్పు వేయించడానికి వెళ్తే, పళ్ళ డాక్టరమ్మ పాపని వదిలేసి నా వంక చూసింది.

"మీరు కూర్చోండమ్మా."

"నాకేం లేదండీ, పాపకే..."

"పాప పళ్ళు ఎక్కడికీ పోవు. కూర్చోండి."

ఎక్స్‌రేలో నా దవడ ఎముక సబ్బునురగలా ఉంది, బుడగలు బుడగలుగా. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. పది రోజులకి పెద్దాసుపత్రి సర్జను మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "క్యాన్సర్ కాదు. చాలా అరుదుగా వచ్చే గడ్డ. ప్రాణం తీయదు కానీ ఎముకని తినేస్తూ పోతుంది. గీకి వదిలేస్తే మళ్ళీ వస్తుంది. చుట్టూ బాగున్న ఎముకతో సహా కోసేసి, కాలి ఎముక ముక్కతో దవడ కట్టాలి."

మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "హమ్మయ్య, క్యాన్సర్ కాదు కదా! పాప పరీక్షలయ్యాక చూద్దాం."

ఆయన చెడ్డమనిషి కాదు. నన్ను చంపనిదేదైనా కొన్నాళ్ళు ఆగుతుందని ఆయన నమ్మకం. అలా నమ్మించింది నేనే. జ్వరమొస్తే మాత్ర మింగి వంట చేశాను. ఆఫీసులో కౌంటరు వదిలితే క్యూ పెరుగుతుందని బాత్రూమ్‌కి వెళ్ళడం కూడా ఆపుకున్నాను. ఎముకలో ఉన్నదానికి మాత్రం ఆగడం తెలియదు.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ, "మంగళవారం ఆసుపత్రిలో చేరుతున్నాను. సర్జనుకి ఫోన్ చేసి చెప్పేశాను" అన్నాను.

అత్తయ్య లేచొచ్చి నా చేతిలో కత్తి తీసుకుంది. రెండో చేత్తో నా దవడ తడిమింది. ఆ చెయ్యి నా మొహాన్ని తాకడం అదే మొదటిసారి.

"ఇంతుందిటే! కళ్ళుండీ చూడలేదు" అని, కొడుకు వైపు తిరిగింది. "పరీక్షలు పిల్ల రాసుకుంటుంది. వంట నేను చూస్తాను. నువ్వు సెలవు పెట్టు."

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ముక్కులో గొట్టం, కాలికి కట్టు. మాట్లాడకూడదన్నారు. మా ఆయన ఎక్కడినుంచో పలక తెచ్చి, ఏం కావాలో రాయమన్నారు. చాలాసేపు బలపం పట్టుకునే ఉన్నాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న, జవాబు ఎక్కడ వెతుక్కోను? చివరికి, "తల దువ్వండి" అని రాశాను. పాయ పాయకీ "లాగుతోందా?" అని అడుగుతూ, చిక్కులన్నీ ఓపిగ్గా తీశారు. నేను ఏడుస్తుంటే నొప్పి అనుకుని నర్సుని పిలిచారు.

ఆరు వారాలకి మెత్తటి అన్నం తినగలిగాను. కోసిన అంచుల్లో గడ్డ జాడ లేదని రిపోర్టు వచ్చింది. అది మడిచి జేబులో పెట్టుకుంటూ, మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంకో నెల ఓపిక పట్టు. మళ్ళీ ఎప్పటిలా అయిపోతావు." ఎంతో ప్రేమగానే అన్నారు.

నా కింది పెదవి ఇంకా మొద్దుగానే ఉంది. మాట కాస్త వంకరగా వచ్చినా స్పష్టంగానే వచ్చింది.

"ఎప్పటిలా అవనండీ."