చీటీ లేని రికార్డు

ఆ ఇంటి పెద్దకోడలు పాత రికార్డులకు స్నానం చేయిస్తుందని అత్తగారు నవ్వేది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డను రికార్డు నడుమనున్న కాగితం చీటీ మీద గంటసేపు పరిచి, పాట పేరూ పాడినవాళ్ళ పేరూ ఉన్న ఆ చీటీని గోటితో మెల్లగా ఒలిచేసేది. అట్ట కవరు ముక్కలై చెత్తబుట్టలో పడేది. ఇదంతా ఎందుకయ్యా అంటే, కింది వాటాలో ఉన్న తోడికోడలికి తెలియకూడదని.

ఇద్దరిదీ ఒకటే పని. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో పాత రికార్డులు ఏరుకొచ్చి, వాటిలోంచి నాలుగు క్షణాల ఫిడేలో, ఒక కూనిరాగమో కోసి, తిప్పి తిప్పి వాయించి, కింద కొత్త దరువు వేసి కొత్త పాట కట్టడం. ఈ విద్య చిన్నకోడలికి నేర్పింది పెద్దకోడలే. ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెయ్యిపట్టి చూపించింది. ఏడాది తిరక్కుండా చిన్నది ఆమెను దాటిపోయింది. ఆటోల్లో, బస్సుల్లో, మంగలి షాపుల్లో ఎక్కడ విన్నా చిన్నదాని పాటలే. వింటే పెద్దకోడలికి కడుపు రగిలిపోయేది. అలాగని వినకుండానూ ఉండలేకపోయేది. అసలు ఆ పిల్ల ముక్కలు ఎక్కడెక్కడ దొరకబుచ్చుకుంటుందో మూడేళ్ళుగా బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు.

మొదట్లో ఏ రికార్డు ఏదో ఒక పుస్తకంలో రాసుకునేది. ఒకనాడు చిన్నకోడలు ఆ పుస్తకం పక్కన కూర్చుని కనబడింది. అంతే, సాయంత్రానికి పుస్తకం చింపేసింది. గుర్తుంటాయిలే అనుకుంది.

గుర్తుండలేదు. ఆమె కొత్త పాట ఒక సంగీత కంపెనీకి తెగ నచ్చింది. పది పాటల సంకలనంలో వేస్తామన్నారు. అందులో వాడిన పాత ఆడగొంతు ఎవరిదో శుక్రవారంలోగా చెబితే అనుమతి తామే తెచ్చుకుంటామన్నారు. చెప్పకపోతే ఆ చోటు వరసలో తర్వాతున్న పాటకు పోతుంది. ఆ పాట చిన్నకోడలిది.

రికార్డు బోడిగా ఆమె వంక చూసింది. చీటీ ఊడిన చోటు పక్కన కంపెనీ చెక్కిన అంకె కోసం వెతికింది. దాన్ని కూడా తానే సూదితో గీకేసింది. దుకాణం అతన్ని అడిగింది. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లో వినిపించింది. గురువారం మధ్యాహ్నానికి ఇక మిగిలిన చెవి ఒక్కటే. మెట్లు దిగుతుంటే తల కొట్టేసినట్టయింది. అది చెప్పదు, చెప్పినా తప్పుడు పేరే చెబుతుంది అనుకుంది. దాని స్థానంలో ఉంటే తాను చేసేది అదే.

చిన్నకోడలు బట్టలు మడతపెడుతోంది. ఫోన్లో ఆ గొంతు రెండు క్షణాలు విన్నదో లేదో, పాడినావిడ పేరూ, ఏ సంవత్సరమో, రికార్డు వేసిందెవరో గడగడా చెప్పేసింది. లేచి బీరువాలోంచి అదే రికార్డు తీసి చేతికిచ్చింది. దాని చీటీ చెక్కుచెదరలేదు.

"నీకెక్కడిది ఇది?"

"అదే కొట్లో ఇంకోటి దొరికిందక్కా. నువ్వు కొన్న మర్నాడు నేనూ తెచ్చుకున్నా. అదే ముక్క కోసి పాట కూడా కట్టాను. ఇంతలో పైనుంచి నీది వినబడింది. నాది చెరిపేశా."

"ఎందుకు చెరపడం?"

"ఎందుకేంటి? నీ దాని ముందు నాది తేలిపోయింది. ఎంత కుళ్ళుకున్నానో తెలుసా? రెండ్రోజులు నీతో సరిగ్గా మాట్లాడలేదు. నువ్వు చూసుకోలేదేమో."

పెద్దకోడలు చూసుకోలేదు. కుళ్ళుకున్నానన్న మాట చొక్కా చేతులు సరిచేస్తూ అంత సులువుగా అనేయొచ్చని ఆమెకు తెలియదు. మూడేళ్ళుగా అది తన గొంతులో ముల్లై కూర్చుంది. ఆ పిల్ల పాటల మీదకన్నా ఆ సులువు మీదే ఇప్పుడు ఎక్కువ అసూయ పుట్టింది. తానూ ఒక మంచి మాట అనాలనుకుంది.

"నీ కొత్త పాట..."

"ఊఁ?"

"చివర్లో ఆ ఫిడేలు మరీ సాగదీశావు."

నాలుక కరుచుకుంది కానీ మాట జారిపోయింది. చిన్నకోడలు చొక్కా పక్కనపెట్టింది.

"నిజమేనక్కా. నాకూ అనుమానంగానే ఉంది. ఇప్పుడే కోసేస్తానుండు" అంటూ కంప్యూటర్ వైపు నడిచింది.

పెద్దకోడలు గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"దాని జోలికెళ్ళకు" అంది. "అది నేను కట్టినదైతే బాగుండునని రోజూ ఏడుస్తున్నా."